చేతికి డబ్బిస్తే ఏమవుతుంది? షరతుల్లేని నగదు బదిలీపై అపోహలు - వాస్తవాలు

పేద పల్లె కుటుంబాలకు నేరుగా డబ్బిచ్చే కార్యక్రమాల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. జాబితాలు తయారు చేయడం, పంపిణీ రోజున క్యూ పక్కన నిలబడటం, కొన్ని నెలల తర్వాత అవే ఇళ్లకు వెళ్లి డబ్బు ఏమైందో కనుక్కోవడం నా పని. ఈ పని గురించి చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే: తాగేయరా, సోమరులవరా అని. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు డబ్బు చేతిలో పడి చెడిపోయి ఉంటారు, ఆ ఒక్కరే కళ్ల ముందు మెదులుతారు.

పిల్లల్ని బడికి పంపితేనే, ఆసుపత్రికి వెళ్తేనే అన్న మెలిక ఏదీ పెట్టకుండా ఇచ్చేదే షరతుల్లేని నగదు బదిలీ. దేనికి ఖర్చు పెట్టాలో ఆ ఇంటివాళ్లే తేల్చుకుంటారు.

అపోహ: తాగేస్తారు

ఇది అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా గట్టిది. డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా అనే పరిశోధకులు లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియాల్లో జరిగిన 19 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. ప్రపంచ బ్యాంకు 2014లో దాన్ని ప్రచురించింది. మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్టు దాదాపు ఎక్కడా తేలలేదు. కొన్నిచోట్ల తగ్గింది కూడా.

'తాగామని సర్వేలో ఎవరు ఒప్పుకుంటారండీ?' అంటారు. న్యాయమైన అనుమానమే. అందుకే ఆ ఒక్క ప్రశ్నను నమ్ముకుని ఊరుకోం. ఇంట్లో తిండి ఎంత పెరిగింది, అప్పు ఎంత తగ్గింది, కొత్తగా ఏ వస్తువు, ఏ పశువు వచ్చింది అని విడివిడిగా లెక్క తీస్తాం. ఒకే డబ్బు రెండుచోట్ల ఖర్చు కాదు కదా.

మరి ఎటు పోతుంది? మొదటి విడత చాలా ఇళ్లలో అప్పుకే పోతుంది. చెప్పుకోవడానికి చప్పగా ఉంటుంది, ఫొటో తీసి నివేదికలో పెట్టుకునే సంగతి కాదు. కానీ ఆ ఇంటి బతుకులో అసలు మార్పు అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. పల్లెలో ఆదాయం పంట చేతికొచ్చినప్పుడో, కూలి దొరికినప్పుడో వస్తుంది. ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. ఈ రెంటి మధ్య ఖాళీని అప్పుతో పూడుస్తారు. అప్పిచ్చినవాడు వడ్డీతో ఆగడు. పంట తనకే, తను చెప్పిన ధరకే అమ్మమంటాడు, పని ఉంటే ముందు తన పొలానికే రమ్మంటాడు. ఆ బాకీ తీరితే కుటుంబం నాలుగు రోజులు ఆగగలుగుతుంది. ధర వచ్చేదాకా, జ్వరం తగ్గేదాకా, మేక కాస్త పెరిగేదాకా ఆగగలుగుతుంది. ఉన్నవాళ్లకు ఇది ఒక విషయంగా కూడా కనిపించదు.

అపోహ: సోమరులవుతారు

అభిజిత్ బెనర్జీ, రేమా హన్నా, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి 6 దేశాల్లోని 7 నగదు పథకాలను పరిశీలించి 2017లో ప్రచురించారు. డబ్బు అందినందువల్ల జనం పని మానేసిన జాడ వాళ్లకు కనిపించలేదు. అందులో ఎక్కువ పథకాలకు షరతులున్నాయి, ఆ మాట దాచను. షరతుల్లేని చోట్లా పరిస్థితి దాదాపు అంతే, కాకపోతే కాస్త తిరకాసు ఉంది. పని తగ్గదు, పని చేసే చోటు మారుతుంది.

ఆఫ్రికాలోని మలావీలో పేద రైతులు తిండికి లేనప్పుడు పక్కవాళ్ల పొలాల్లో రోజుకూలికి పోతారు. దాన్ని అక్కడ గన్యూ అంటారు. సరిగ్గా తమ చేలో పని ముదిరిన రోజుల్లోనే పోవలసి వస్తుంది. దాంతో సొంత పంట పాడై, మళ్లీ ఏడాది మళ్లీ గన్యూయే గతి. నగదు అందిన ఇళ్లలో ఈ కూలి తగ్గి, సొంత సేద్యం మీద పని పెరిగింది. 2011, 2012ల్లో మధ్యప్రదేశ్ పల్లెల్లో 'సేవా' (SEWA) అనే స్వయం ఉపాధి మహిళల సంఘం, యునిసెఫ్ కలిసి ప్రయోగం చేశాయి. పెద్దలకు నెలకు 200 రూపాయలతో మొదలుపెట్టి తర్వాత 300 చేశారు, పిల్లలకు అందులో సగం. అక్కడా కూలి నుంచి సొంత సాగు వైపు జరగడం కనిపించింది. కూలీలు దొరకడం లేదని భూస్వామి అంటే అది ఆయన కోణంలో నిజమే కావచ్చు. దానికి సోమరితనం అని పేరు పెట్టడమే తప్పు.

నిజంగా పని తగ్గిన సందర్భం కూడా ఒకటి ఉంది. కెన్యాలో నగదు అందిన ఇళ్లలో గర్భిణులు చివరి నెలల్లో, కాన్పు తర్వాత కొన్నాళ్లు పని తగ్గించుకున్నారు, ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. ఏడాది లోపు శిశువుల మరణాలు సుమారు సగానికి తగ్గాయని 2025లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. దీన్ని బద్ధకం అనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను.

అపోహ: ఊళ్లో ధరలు పెరిగి అందరూ నష్టపోతారు

ఇందులో సగం నిజం ఉంది కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి. కెన్యాలోని సియాయా ప్రాంతంలో పేదలకు నేరుగా నగదు పంపే గివ్ డైరెక్ట్‌లీ సంస్థ, 653 గ్రామాల్లో కొన్నిటికి ఇచ్చి మిగతావాటితో పోలుస్తూ, సుమారు 10,500 కుటుంబాలకు ఇంటికి దాదాపు 1,000 డాలర్ల చొప్పున ఇచ్చింది. అంత డబ్బు వచ్చిపడినా ధరలు సగటున 0.1 శాతమే పెరిగాయి. ఒక్కో డాలరూ చేతులు మారుతూ స్థానిక ఆర్థిక వ్యవస్థలో సుమారు 2.5 డాలర్ల కదలిక తెచ్చింది, డబ్బు అందని పక్కింటివాళ్లూ బాగుపడ్డారు.

ఇది అన్నిచోట్లా జరగదు. ఫిలిప్పీన్స్‌లో ఊరిలో ఎక్కువ మందికి షరతులతో నగదు ఇచ్చిన మారుమూల చోట్ల గుడ్ల వంటి త్వరగా పాడయ్యే ఆహారం ధర పెరిగింది. పథకంలో లేని ఇళ్ల పిల్లల ఎదుగుదల దెబ్బతింది. సరుకు బయటి నుంచి వచ్చే దారి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. రోడ్డు సరిగా లేని ఊరికి డబ్బు పంపేటప్పుడు మాకు ఇప్పటికీ టెన్షనే.

అపోహ: షరతు లేకపోతే పిల్లల్ని బడికి పంపరు

మలావీలోని జోంబాలో ఆడపిల్లలున్న ఇళ్లకు రెండు రకాలుగానూ ఇచ్చి చూశారు. బడిలో నిలబడటం వరకు షరతే బాగా పనిచేసింది, ఒప్పుకోవాల్సిందే. కానీ బాల్య వివాహాలు, చిన్న వయసు గర్భాలు షరతు లేని వైపే ఎక్కువ తగ్గాయి. ఎందుకంటే బడి మానేసిన అమ్మాయికి షరతు పెట్టిన చోట డబ్బు ఆగిపోతుంది, ఆ డబ్బు ఎక్కువ అవసరమైంది ఆ అమ్మాయికే. మొరాకోలో ఇది చదువు కోసం అని పేరు మాత్రం పెట్టి, హాజరు షరతు లేకుండా ఇస్తే బడి మానేయడం బాగా తగ్గింది. షరతు కలిపినందువల్ల అదనంగా ఒరిగింది పెద్దగా లేదు.

మా వాళ్ల అపోహ: డబ్బిస్తే పేదరికం పోతుంది

ఈ రంగంలో ఉన్నవాళ్లం మా అపోహలు కూడా చెప్పుకోవాలి. యుగాండాలో యువతకు 2008లో తలా సుమారు 400 డాలర్ల చొప్పున ఇచ్చారు. 4 ఏళ్లకు వాళ్ల ఆదాయం మిగతావాళ్లకన్నా 38 శాతం ఎక్కువగా ఉంది. 9 ఏళ్లకు ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. జాంబియాలో చిన్నపిల్లలున్న కుటుంబాలకు ఇస్తే తిండి, పశువులు, పెట్టుబడి అన్నీ పెరిగాయి, పిల్లల ఎత్తు మాత్రం మొత్తం మీద పెరగలేదు. మంచినీళ్లు, మరుగుదొడ్డి, వైద్యం ఇవన్నీ ఒక కుటుంబం తన డబ్బుతో కొనుక్కునేవి కావు. (ఎక్కువ మంది పిల్లల్ని కంటారన్న భయం కూడా జాంబియాలో నిలవలేదు.)

'ఆడవాళ్ల చేతికిస్తేనే ఫలితం' అన్నది మరొకటి. దక్షిణాఫ్రికాలో నాయనమ్మ, అమ్మమ్మల పింఛనుతో మనవరాళ్ల ఎదుగుదల మెరుగైంది, తాతల పింఛనుతో కాలేదు. కెన్యాలో మాత్రం భార్యకిచ్చినా భర్తకిచ్చినా చాలా విషయాల్లో పెద్ద తేడా రాలేదు. నేనైతే ఆడవాళ్ల పేరునే ఇవ్వమంటాను, కానీ దాన్ని సూత్రంగా చెప్పను.

నెలనెలా ఇవ్వాలా, ఒకేసారి ఇవ్వాలా అని కూడా అడుగుతారు. అదే కెన్యా అనుభవం ప్రకారం నెలనెలా ఇస్తే తిండి కుదుటపడుతుంది, ఒకేసారి ఇస్తే రేకుల కప్పు లాంటి నిలిచే వస్తువు వస్తుంది. ఏది ఇచ్చినా, చెప్పిన రోజుకు ఇవ్వకపోతే రెండూ పాడవుతాయి. ఘనాలో లీప్ అనే నగదు పథకం తొలి ఏళ్లలో చెల్లింపులు ఎప్పుడు పడితే అప్పుడు అందేవి, మొత్తమూ చిన్నదే. ఇంటి వినియోగం పెరిగిన దాఖలా లేదు.

పంపిణీ రోజున క్యూలో మమ్మల్ని ఎక్కువగా అడిగేది మొత్తం ఎంత అని కాదు, తర్వాతి విడత ఏ తేదీన అని. తేదీ తెలిస్తే అప్పిచ్చినవాడిని అప్పటిదాకా ఆగమనవచ్చు, మేకను ఈ వారమే అమ్ముకోనక్కర్లేదు. చాలాసార్లు ఆ తేదీ మాకే తెలియదు.