ఆ జాబితాలో అల్లుడు లేడు

సాదాబైనామాల (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకాల) విచారణ మళ్లీ కదలడంతో నల్లగొండ జిల్లాలో ఒక పాత పంచాయితీ లేచింది. మామ రాసిచ్చిన తెల్లకాగితంతో ఇల్లుటపు (ఇల్లరికపు) అల్లుడు ఒకపక్క, ‘మా తాత భూమి మీద పరాయోని పెత్తనమేంది’ అంటూ పాలోళ్లు (దాయాదులు) మరోపక్క. మాటామాటా పెరిగితే ఎవరో ఒకరు రేలంగి పాట అందుకుంటారు. 1959లో టి.ప్రకాశరావు తీసిన ‘ఇల్లరికం’లోది. అరవై ఏళ్లు దాటినా ఎత్తిపొడుపుకు ఇంకా అదే పాట.

కథ తెలిసిందే. జమీందారు కూతురిని చేసుకుని మేడలో కాలుపెట్టిన పేదింటి పిల్లవాడు అక్కినేని, అక్కడ మాటలు పడతాడు. జనం ఆ మాటలు మరిచి మేడనే గుర్తుపెట్టుకున్నారు. మా దిక్కు ఇల్లుటం పోయినవాడికి మేడ ఎక్కడిది? కొడుకులు లేని ఇంట్లో అరక పట్టడానికే పిలిచారు.

అసలు మలుపు సినిమాకు మూడేళ్ల ముందే పడింది. అప్పటిదాకా ఒకప్పటి మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల్లో కొన్ని కులాల్లో ఇల్లరికపుటల్లుడికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆచారం ఉండేది, కోర్టులూ దాన్ని ఒప్పుకున్నాయి. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. మొదటి తరగతి వారసుల్లో కొడుకు, కూతురు, భార్య, తల్లి ఉన్నారు. చనిపోయిన కొడుకు భార్యకూ చోటుంది. అల్లుడికి లేదు. కూతురికి వాటా రావడం ఎప్పుడో జరగాల్సిన న్యాయం. కానీ ఆ కూతురు పిల్లలు లేకుండా తండ్రి కంటే ముందే పోతే, ముప్పై ఏళ్లు ఆ మట్టిలో చేసిన మనిషికి మిగిలేది కాగితం ఒక్కటే.

అలాంటి కాగితం ఒకటి నాంపల్లి మండలంలో చూశాను. 1981 నాటిది. ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలు, మడతల దగ్గర చిరుగులు. కింద మామ వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఎకరం పదిహేను గుంటలు రెండు వేలకు ‘అమ్మితిని’ అని రాసి ఉంది. “పైసలు ఇయ్యలే సార్. పదకొండేండ్లు చాకిరి చేసిన, బాయి తవ్విన. అమ్మినట్టు రాస్తేనే నిలుస్తదని పట్వారి చెప్పిండు” అన్నాడు కాగితం దాచుకున్న ఆ అల్లుడు. ఆ బావి ఇప్పటికీ ఉంది, గట్టు రాళ్లు ఆయన పేర్చినవే.

డబ్బు చేతులు మారని అమ్మకం చెల్లదని పాలోళ్లు అంటున్నారు.

2014 జూన్ 2కు ముందు రాసుకున్న సాదాబైనామాల క్రమబద్ధీకరణకు 2020లో దరఖాస్తులు తీసుకుంటే తొమ్మిది లక్షలకు పైగా వచ్చాయి. అంతలోనే హైకోర్టు స్టే పడింది. భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి, దాని స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చేదాకా ఫైళ్లు కదల్లేదు. దస్తావేజు లేనివాడికి సాక్షులే ఆధారం. వాళ్లు చాలామంది అప్పటికే వయసు మళ్లినవాళ్లని తెలిసీ ఇన్నేళ్లు ఆపడం నా దృష్టిలో పెద్ద అన్యాయం.

నాంపల్లి కాగితం మీది ఇద్దరు సాక్షులూ ఇప్పుడు లేరు. భూమి ఎవరి సాగులో, ఎవరి కబ్జాలో ఉందో చెప్పడానికి పక్క రైతులను పిలిపించమని ఆయన అడుగుతున్నాడు. ఆ భూమికి నాలుగు హద్దులుంటే, మూడు హద్దుల్లో దున్నేది పాలోళ్లే.