పికప్ బండికి సైజు మారిన టైర్లు: ఈ అలవాటు ఎక్కడిది?

పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర బారులు తీరిన పికప్ బండ్ల టైర్లను ఒకసారి గమనించండి. ఒకే మోడల్ బండ్లు పక్కపక్కనే నిలబడినా ఒక బండి టైరు పక్కదానికంటే రెండు వేళ్లు ఎత్తుగా కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన టైర్లు అరిగాక యజమాని వేరే సైజువి వేయించాడన్నమాట. మన డ్రైవర్ల మొండితనమని కొట్టిపారేయవచ్చు గానీ, తప్పంతా వారిదే కాదు. టైరు సైజు రాసే పద్ధతే సగం తికమక పెట్టింది.

మన దగ్గర నైలాన్ టైర్లని పిలిచే పాతకాలపు టైర్లకు సైజు అంగుళాల్లో ఉండేది. 7.00-15 అంటే వెడల్పు ఏడు అంగుళాలు, రిమ్ము పదిహేను. పక్క గోడ ఎత్తు ఎంతో విడిగా రాయాల్సిన పని ఉండేది కాదు. అది దాదాపు వెడల్పుతో సమానం. ఫ్రాన్స్‌లో మిషెలిన్ 1946లో రేడియల్ టైరుకు, అంటే లోపలి దారాలు టైరుకు అడ్డంగా ఒక అంచు నుంచి మరో అంచుకు సాగే రకానికి, పేటెంట్ తీసుకుంది. మన దేశంలో జేకే సంస్థ 1977లో రేడియల్ తయారీ మొదలుపెట్టింది. రేడియల్స్‌తో పాటు పొట్టి గోడల టైర్లు వచ్చాయి కాబట్టి, వెడల్పును మిల్లీమీటర్లలోనూ, గోడ ఎత్తును అందులో శాతంగానూ రాయడం మొదలైంది. కార్లు పూర్తిగా కొత్త లెక్కకు మారాయి. చిన్న సరుకు బండ్ల టైర్లలో మాత్రం రెండు లెక్కలూ నేటికీ నడుస్తున్నాయి. అందుకే ఒకే దుకాణంలో 7.00 R15, 215/75 R15 పక్కపక్కనే ఉంటాయి (R అంటే రేడియల్).

చిక్కంతా ఇక్కడే. ఏడు అంగుళాలంటే 178 మిల్లీమీటర్లు. 215 అంతకంటే పెద్ద సంఖ్య కాబట్టి టైరు కూడా పెద్దదేనని అనుకోవడం సహజం. లెక్క కడితే వేరే సంగతి తేలుతుంది. 215లో 75 శాతం 161; రెండు వైపులా కలిపి 322; దానికి 381 మిల్లీమీటర్ల రిమ్ము కలిపితే మొత్తం ఎత్తు సుమారు 703. 7.00 R15 ఎత్తు 740కి పైనే. అంటే వెడల్పు పెరిగి ఎత్తు తగ్గింది. బరువు మోసే శక్తి సంగతి ఇంకా ముఖ్యం. సైజు పక్కన ఉండే లోడు ఇండెక్స్‌ను దాదాపు ఎవరూ చదవరు. 100 అని ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది. 118 అని ఉంటే 1,320. మనుషులు ఎక్కే జీపు టైరును, రిమ్ముకు సరిపోయింది కదా అని సరుకు బండికి ఎక్కిస్తే ఈ తేడా మిర్చి బస్తాల కింద బయటపడుతుంది.

పెద్ద టైర్ల మోజుకు కారణం వేరే. టాటా ఏస్ 2005లో వచ్చినప్పుడు దానికి 12 అంగుళాల చక్రాలే. పరకాల, నర్సంపేట వైపు చేల బాటల్లో గతుకు వస్తే బండి కడుపు నేలకు తగిలేది. తర్వాత వచ్చిన 15 అంగుళాల పికప్‌లకూ అదనపు కమాను పట్టీ (ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీ) వేయించినవారు ఆ వెంటనే టైర్ల మీద దృష్టి పెట్టారు. 215/75 బదులు 235/75 వేస్తే టైరు ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి లేచేది అందులో సగమే, పదిహేను. ఇంత ఖర్చు పెట్టి సాధించింది ఒకటిన్నర సెంటీమీటరన్నమాట!

దానికి చెల్లించే మూల్యం మాత్రం చిన్నది కాదు. పెద్ద టైరు ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, మీటరు 60 చూపితే బండి నిజానికి 62 దాటుతుంది. 2015 తర్వాతి సరుకు బండ్లకు 80 దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్ తప్పనిసరి. చక్రం తిరిగిన లెక్కనే నమ్మే ఆ పరికరం 83 దాకా పోనిస్తుంది. లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు క్లచ్ మీద భారం పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు టైరు లోపలి అంచు చూడండి: కమానుకో మడ్‌గార్డుకో రాసుకుంటుంటే అక్కడ రబ్బరు నున్నగా మెరుస్తూ ఉంటుంది.

చట్టం ఈ లోగా బిగుసుకుంటూ వచ్చింది. రవాణా వాహనాల ఆర్‌సీలో ఒక్కో ఇరుసుకు టైర్ల సంఖ్య, సైజు నమోదు చేసే గడి ఉంది. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ. 5,000 జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించే వీలు కలిగింది.

లోడు కోసమే అయితే సైజు మార్చకుండా, ఎక్కువ లోడు ఇండెక్స్ ఉన్న టైరు తీసుకునే దారి ఉంది. ఆ టైరుకు గాలి ఎక్కువ పట్టాలి, రిమ్ము కూడా ఆ ఒత్తిడిని తట్టుకునేదై ఉండాలి. ఎంత గట్టి టైరు వేసినా ఇరుసు పాతదే, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువూ పాతదే. తూనిక దగ్గర చూసేది ఆ అంకెనే.