తాటిపండు పడితే కాకిని పొగిడినట్టు

2017 సెప్టెంబర్ 11న లండన్ ఫుట్‌బాల్ క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్ తన కొత్త కోచ్ ఫ్రాంక్ డి బోర్‌ను తీసేసింది. ఆయన వచ్చి 77 రోజులే అయింది. 20 జట్లుండే ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్‌లో ఆయన ఆడించింది నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు. నాలుగూ ఓడిపోయారు, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అలాగని డి బోర్ అనామకుడేమీ కాదు. నెదర్లాండ్స్‌లో అయాక్స్‌కు వరుసగా నాలుగుసార్లు లీగ్ టైటిల్ తెచ్చిపెట్టిన మనిషి. ఆయన స్థానంలోకి 70 ఏళ్ల రాయ్ హాడ్జ్‌సన్ వచ్చారు. సీజన్ ముగిసేసరికి ప్యాలెస్ 44 పాయింట్లతో 11వ స్థానంలో ఉంది. (ఇంగ్లండ్‌లో ఈ పదవిని మేనేజర్ అంటారు. మనకు కోచ్ అన్నదే అలవాటు కాబట్టి అదే వాడతాను.)

కోచ్‌ను మార్చారు, జట్టు బాగుపడింది. ఇంకేం కావాలి?

కాకతాళీయం అన్న మాట మనం రోజూ వాడతాం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. రాల్చింది కాకేనా, లేక పండే రాలడానికి సిద్ధంగా ఉందా? ఫుట్‌బాల్‌లో ఈ ప్రశ్నను లెక్కలతో అడగొచ్చు. కొందరు అడిగారు కూడా.

ముందు ఈ ఆట స్వభావం చూడాలి. క్రికెట్‌లో ఒక ఇన్నింగ్స్‌కు వందల పరుగులు వస్తాయి కాబట్టి ఒక ఫోర్ అటూ ఇటూ అయినా మొత్తం కథ తలకిందులు కావడం అరుదు. ఫుట్‌బాల్‌లో రెండు జట్లూ కలిపినా మ్యాచ్‌కు సగటున మూడు గోల్స్ దగ్గరే పడతాయి. అందుకే ఇక్కడ అదృష్టానికి పెత్తనం ఎక్కువ. డి బోర్ చివరి మ్యాచ్ బర్న్‌లీ మీద. ఆట మొదలైన మూడో నిమిషంలోనే ప్యాలెస్ ఆటగాడు వెనక్కి ఇచ్చిన చెత్త పాస్ అవతలి జట్టువాడి కాళ్ల దగ్గరికి వెళ్లింది, గోల్ పడింది. ఆ తర్వాత మ్యాచ్ అంతా దాడి చేసింది ప్యాలెసే. 20కి పైగా షాట్లు కొట్టారు, ఒక్కటీ లోపలికి పోలేదు. 0-1. మర్నాడే కోచ్ ఉద్యోగం పోయింది.

ఇక నాలుగు వరుస ఓటముల సంగతి. నూరు మ్యాచ్‌లాడితే నలభై ఓడే మామూలు జట్టును ఊహించుకోండి. అది వరుసగా నాలుగు ఓడే అవకాశం 0.4ను నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది: దాదాపు 2.5 శాతం. చాలా అరుదు అనిపిస్తుంది. కానీ సీజన్‌కు 38 మ్యాచ్‌లుంటాయి, ఆ నాలుగు ఓటములు ఎక్కడైనా మొదలు కావచ్చు. అలా లెక్కేస్తే ఆ సీజన్‌లో ఏదో ఒకచోట నాలుగు వరుస ఓటములు తగిలే అవకాశం 40 శాతం దాటుతుంది. కోచ్ తప్పేమీ లేకుండా, జట్టు నాణ్యత ఏమీ మారకుండానే! అవి సీజన్ మధ్యలో తగిలితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మొదట్లోనే తగిలితే పాయింట్ల పట్టికలో సున్నా కనబడుతుంది, చైర్మన్‌కు టెన్షన్ మొదలవుతుంది.

జలుబుకు మందేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందంటారు కదా. దీని వెనకున్న గణితాన్ని 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ మనుషుల ఎత్తుల్లో చూపించారు. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్లకంటే కాస్త పొట్టిగా, బాగా పొట్టివాళ్ల పిల్లలు కాస్త పొడుగ్గా ఉంటారు. అదృష్టం పాలు ఉన్న ఏ కొలతలోనైనా అతి చెడ్డ ఫలితం తర్వాత వచ్చేది సాధారణంగా అంత చెడ్డగా ఉండదు, సగటు వైపు జరుగుతుంది. కోచ్‌లను తీసేసేది ఎప్పుడు? సరిగ్గా అతి చెడ్డ రోజుల్లోనే. కాబట్టి ఆ తర్వాత ఎవరొచ్చినా, చివరికి ఎవరూ రాకపోయినా, సాధారణంగా కొంత మెరుగు కనిపిస్తుంది.

దీన్ని తేల్చాలంటే కోచ్‌ను మార్చిన క్లబ్బులను మాత్రమే చూస్తే చాలదు. అంతే దారుణంగా ఓడుతూ కూడా కోచ్‌ను మార్చని క్లబ్బులను వాటి పక్కన పెట్టాలి. మందు పరీక్షల్లో మందు ఇవ్వని రోగులను కూడా గమనిస్తారే, అలాగ. డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ ఆ దేశపు లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన మార్పులను ఇలాగే పోల్చి చూశారు. కోచ్‌ను తీసేసినందువల్ల ఒరిగిందేమీ కనబడలేదు. మార్చని క్లబ్బులు కూడా కోలుకున్నాయి. జర్మనీలో మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రియాస్ హోయర్ బృందం 1963లో మొదలైన ఆ దేశపు అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగా రికార్డులన్నీ తిరగేసి 2011లో దాదాపు ఇదే మాట చెప్పింది. సీజన్ మధ్యలో కోచ్‌ను మార్చడం వల్ల జట్టు ఆట కొలవదగ్గంతగా మారడం లేదని.

ఇవి సగటు లెక్కలు. ఏ కోచ్‌నూ ఎప్పుడూ తీసేయకూడదని వీటి అర్థం కాదు. 2012 మార్చిలో చెల్సీ కోచ్ విల్లాస్-బోవాస్‌ను పంపించి డి మాటియోకు జట్టు అప్పగిస్తే ఆ మే నెలలోనే యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. మరి మన ఎదుట ఉన్నది ఏ రకం కేసో ఎలా తెలుస్తుంది?

స్కోరు కాకుండా అవకాశాలను లెక్కపెట్టడం ఒక దారి. ప్రతి షాట్‌కూ, అది ఎంత దూరం నుంచి, ఏ కోణం నుంచి కొట్టారో చూసి, అలాంటి పాత షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయన్న దాన్నిబట్టి విలువ కడతారు. దీన్ని ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అంటారు. 2014-15లో కోచ్ యూర్గెన్ క్లాప్ జర్మన్ జట్టు బొరుసియా డార్ట్‌మండ్ సగం సీజన్‌కు, అంటే 17 మ్యాచ్‌లకు 15 పాయింట్లే తెచ్చుకుని 18 జట్ల పట్టికలో 17వ స్థానంలో పడి ఉంది. అప్పట్లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్‌లో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త ఇయన్ గ్రాహం అవకాశాల లెక్క తీస్తే జట్టు బాగానే ఆడుతోంది, గోల్సే కలిసిరావడం లేదని తేలింది. డార్ట్‌మండ్ చివరికి 7వ స్థానానికి చేరింది. ఆ ఏడాదే లివర్‌పూల్ క్లాప్‌ను తెచ్చుకుంది. తర్వాత అక్కడ ఆయన టైటిళ్లు గెలిచిన సంగతి ఫుట్‌బాల్ చూసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

సౌతాంప్టన్ కథ నాకు మరీ ఇష్టం. 2019 అక్టోబర్‌లో సొంత మైదానంలో లెస్టర్ చేతిలో 0-9 ఓటమి. కోచ్ హాసెన్‌హుట్ల్ వచ్చి ఏడాది కూడా కాలేదు. క్లబ్ ఆయన్ను కదపలేదు. ఆ సీజన్‌లో వాళ్లూ 11వ స్థానంలోనే ముగించారు, ప్యాలెస్‌లాగే! ఇలాంటి ఓపిక మన హైదరాబాద్ మనిషి విషయంలోనూ ఒకసారి ఫలించింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయినప్పుడు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. పదేళ్ల తర్వాత, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టుకూ ఆయనే కోచ్.

అయితే ఇలాంటి కథలతోనూ జాగ్రత్తగా ఉండాలి. కోచ్‌ను ఉంచాలనేవాళ్లు మాటకు ముందు ఫెర్గూసన్ పేరెత్తుతారు. మూడేళ్లు ఒడిదుడుకులు పడ్డా మాంచెస్టర్ యునైటెడ్ ఆయన్ను ఉంచుకుంది, తర్వాత 13 లీగ్ టైటిళ్లు వచ్చాయి, నిజమే. కానీ ఉంచుకుని మునిగినవాళ్ల గురించి ఎవరూ ఉపన్యాసాలివ్వరు. 2023-24లో బర్న్‌లీ తన కోచ్ కొంపనీని చివరిదాకా ఉంచింది, 19వ స్థానంతో కింది డివిజన్‌కు పడిపోయింది. విచిత్రమేమిటంటే ఆ వెంటనే ఆయన్ను జర్మనీ పెద్ద క్లబ్ బాయర్న్ మ్యూనిక్ పిలిచింది, మరుసటి ఏడాదే అక్కడ లీగ్ టైటిల్ గెలిచారు.

ప్యాలెస్ బోర్డు భయాన్ని నేను తీసిపారేయను. కింది డివిజన్‌కు పడితే ప్రీమియర్ లీగ్ టీవీ డబ్బు పోతుంది, అది కోట్ల పౌండ్ల మాట. డి బోర్ పద్ధతి ఆ ఆటగాళ్లకు నప్పదని వాళ్లకు నిజంగా అనిపించి ఉంటే తీసేయడానికి అదొక కారణమే. కాకపోతే ఆయన అయాక్స్‌లో ఎలా ఆడించారో ప్రపంచమంతా చూసింది. ఆ సంగతి జూన్‌లో ఒప్పందం రాసుకునేటప్పుడే ఆలోచించాల్సింది. నాలుగు స్కోర్లు చూసి తీసేశారంటే మాత్రం నా దృష్టిలో అది నాణెం ఎగరేసి తీర్పు చెప్పినట్టే.

హాడ్జ్‌సన్ వచ్చాక జరిగింది కూడా చూడండి. లీగ్‌లో మొదటి మూడు మ్యాచ్‌లు 0-1, 0-5, 0-4. డి బోర్ నాలుగు మ్యాచ్‌ల్లో ఏడు గోల్స్ ఇస్తే ఈయన మూడింట్లోనే పది ఇచ్చారు. అయినా ఆయన్ను ఎవరూ తీసేయలేదు. మొదటి మ్యాచ్‌లో గాయపడి డి బోర్‌కు ఆ తర్వాత అందకుండా పోయిన వింగర్ (మైదానం అంచుల వెంట దాడి చేసే ఆటగాడు) జాహా అక్టోబర్ 14న తిరిగొచ్చాడు. ఆ రోజు ప్యాలెస్ 2-1తో ఓడించింది అప్పటి ఛాంపియన్ చెల్సీని. గెలిపించిన రెండో గోల్ జాహాది. మొదటిది, అంటే లీగ్‌లో ఏడు మ్యాచ్‌లుగా ప్యాలెస్ ఎదురుచూసిన ఆ గోల్, చెల్సీ ఆటగాడు అజ్పిలిక్వేటా పొరపాటున తన సొంత వలలోకే పంపించుకున్నది.