ప్రభుత్వ ఆసుపత్రిలో పంటి డాక్టర్లు ఎందుకు నిలవరు? అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద చేరి, మధ్యలో వదిలి సొంత క్లినిక్ పెట్టుకుని, మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికే వచ్చినదాన్ని. రెండు చోట్లా విన్న మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: డబ్బు కోసమే వెళ్లిపోతారు. ఉన్నవాళ్లకు పళ్లు పీకడం తప్ప ఏమీ రాదు.

వాస్తవం: జీతం ఒక కారణం, కాదనను. కానీ నన్ను కదిలించింది వేరు. పంటి వైద్యం చదువు బీడీఎస్ నాలుగేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, పంటిని కాపాడటమే నేర్చుకున్నాం. ఆసుపత్రిలో గాలి ఒత్తిడినిచ్చే కంప్రెసర్ చెడిపోతే, ఆ గాలితో తిరిగే పంటి డ్రిల్లు, ఎయిరోటర్, తిరగదు. అది తిరగకపోతే పుచ్చు తొలచలేం, సిమెంటు నింపలేం, రూట్ కెనాల్ (పంటి వేరు లోపలి కాలువలు శుభ్రం చేసి నింపడం) మొదలుపెట్టలేం. మత్తు ఇంజెక్షను, పన్ను పీకే పటకారు (ఫోర్సెప్స్) ఉంటే చాలు కాబట్టి పీకడం ఒక్కటే ఆగదు. మరమ్మతుకు రాసిన కాగితం నెలల తరబడి కదలలేదు. నిలబెట్టగలిగిన దవడ పళ్లను కూడా ఆ రోజుల్లో తీసేశాను. పన్ను స్టీలు ట్రేలో పడిన చప్పుడు వినలేకనే రాజీనామా రాశాను.

అపోహ: ఒకరు పోతే ఇంకొకరు వస్తారు, రోగికి నష్టమేమీ లేదు.

వాస్తవం: నేను మానేసిన మూడు నెలలకు వింజమూరు వైపు నుంచి ఒక కూలీ మనిషి నా క్లినిక్ వెతుక్కుంటూ వచ్చాడు. నేను మానేయక ముందు, కంప్రెసర్ బాగుపడి పనిచేసిన కొద్ది రోజుల్లో అతనికి రూట్ కెనాల్ మొదలుపెట్టి, లవంగ నూనె వాసన వచ్చే తాత్కాలిక సిమెంటు పెట్టి పంపాను. అది కొన్ని వారాలు ఆగేది మాత్రమే. “కొత్త డాక్టరు వస్తారన్నారమ్మా, ఎదురు చూశాను” అన్నాడు. నోరు తెరిస్తే సిమెంటు రాలిపోయి, పన్ను చిగురు కిందిదాకా చీలి ఉంది. తీసేయక తప్పలేదు. డబ్బు తీసుకోలేదు, కానీ అతని పన్ను పోయింది కదా!

అపోహ: గార తీయించినా పసుపు మచ్చలు పోలేదంటే ప్రభుత్వ డాక్టరు సరిగా చేయలేదు.

వాస్తవం: ఉదయగిరి ప్రాంతం నుంచి వచ్చేవారిలో ఇది ఎక్కువగా వింటాం. ఆ మచ్చలు గార కాదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో చిగురు లోపల తయారవుతున్న పంటి పైపొర పింగాణీకే ఆ మచ్చ పడుతుంది. పెద్దయ్యాక ఎంత గీకినా పోదు. పిల్లవాడి పళ్లు చూసి ఏ ఊరి బోరు నీళ్లని అడగాలంటే డాక్టరుకు ఆ ఊళ్లు తెలియాలి. ఆరు నెలలకొకరు మారితే ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు రూట్ కెనాల్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఏ పన్ను, ఎన్ని కాలువలు శుభ్రం చేశాను, లోపల ఏ మందు పెట్టాను, ఏ తేదీలోపు మళ్లీ రావాలి అన్నది ఓపీ చీటీ వెనుక రాసిస్తున్నాను. నేను లేకపోయినా ఆ చీటీ, ఎక్స్‌రే తీసుకుని దగ్గరలోని ఏ పంటి డాక్టరు దగ్గరికైనా వెళ్లమంటున్నాను.