సావిట్లో పురికొస

పర్లాకిమిడి,
ఆదివారం

రాయగడలో ఉన్న బాబీకీ, చిన్నికీ తాతయ్య ఆశీస్సులు.

బాబీ, నువ్వు ఫోన్లో పంపిన లెక్క చూశాను. (-3, 2), (5, -4) బిందువుల మధ్య దూరం √8 అని రాశావు. ఆ లెక్కనే మన సావిట్లో వేసి చూశాను. నడుమ స్తంభం మూలబిందువు, అంటే (0, 0). పలకలు ఒక్కోటి అడుగు చదరం కదా! స్తంభం నుంచి ఎడమకి మూడు, దేవుడి గది వైపు రెండు పలకలు లెక్కపెట్టి అక్కడ నా కుర్చీ వేశాను. కుడికి ఐదు, వీధిగుమ్మం వైపు నాలుగు లెక్కపెట్టి నీళ్ల బిందె పెట్టాను.

√8 అంటే మూడడుగులు కూడా ఉండదు. కుర్చీలోంచి కాస్త వంగితే బిందె అందాలి. అందితే ఒట్టు.

అడ్డంగా చూస్తే కుర్చీ నుంచి స్తంభం వరస దాకా మూడు పలకలు, అక్కడి నుంచి ఐదు, మొత్తం ఎనిమిది. నువ్వేమో 5లోంచి 3 తీసేశావు. తీయాల్సింది -3ని. 5 - (-3) = 8. నిలువుగా రెండో అంకెలదీ అంతే, -4 - 2 = -6. వర్గం చేస్తే ఆ మైనస్ ఎలాగూ పోతుంది, కాబట్టి ఏ బిందువు ముందు రాసినా ఒకటే. ఎక్స్‌లోంచి (మొదటి అంకె) వై (రెండోది) మాత్రం తీయకు.

పలకల వెంట మలుపు తిరిగి నడిస్తే 14 అడుగులు. ఐమూలగా వెళ్తే అది లంబకోణ త్రిభుజంలో కర్ణం: 64 + 36 = 100, వర్గమూలం 10. నమ్మకం కుదరక పురికొస ఒక చివర మీ నాయనమ్మకిచ్చి లాగి పట్టుకోమన్నాను. "పొయ్యి మీద పప్పు మాడిపోతోంది, మీ పంతులుగిరీ తర్వాత" అంది గానీ పట్టుకుంది. కొలిస్తే పదడుగుల మీద రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ వచ్చింది. అది పలకల మధ్య సిమెంటు సందుల పుణ్యం.

తాడుతో కొలవడం నా తెలివేమీ కాదులే. ఈ కర్ణం సంగతి యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథం బౌధాయన శుల్బసూత్రంలోనే ఉంది. శుల్బం అంటే తాడే! బిందువు చోటు చెప్పే ఈ అంకెల్ని మీ ఒడియా పుస్తకంలో స్థానాంకాలు అంటే, మన తెలుగులో నిరూపకాలు అంటాం. కర్ణం మాత్రం రెండింట్లోనూ కర్ణమే.

చిన్నీ, నువ్వడిగిన (2, 7), (9, 7)కి సూత్రమే అక్కర్లేదు. రెండూ ఒకే వరసలో ఉన్నాయి. 9లోంచి 2 తీసేయ్, అంతే.

ఇద్దరూ కలిసి (-7, 1) నుంచి (5, -4)కి ఎంతో కట్టి సాయంత్రం ఫోన్ చెయ్యండి. మన సావిడి అంత పొడుగు లేదు, ఈసారి పురికొస కుదరదు.

ఉంటాను,
తాతయ్య