శిలీంధ్రాలు: పుట్టగొడుగు కింద దాగిన జీవి గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

శిలీంధ్రాలను పెంచడం, మైక్రోస్కోప్ కింద పరిశీలించడం నా వృత్తి. వీటి గురించి నేను వినే అపోహల్లో చాలావాటికి మూలం ఒక్కటే: కంటికి కనిపించే పుట్టగొడుగునో, బూజు మచ్చనో మొత్తం జీవి అనుకోవడం.

అపోహ: శిలీంధ్రాలు ఆకుపచ్చ రంగు లేని మొక్కలు.

వాస్తవం: జీవులన్నిటినీ రాజ్యాలనే అయిదు పెద్ద విభాగాలుగా చేస్తూ 1969లో శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ ప్రతిపాదించిన వర్గీకరణలోనే వీటికి ప్రత్యేక రాజ్యం దక్కింది. వీటి కణకవచంలో ఉండే కైటిన్ పీతల పెంకుల్లోనూ ఉంటుంది; ఇవి ఆహారాన్ని పిండిపదార్థంగా కాక, మన కాలేయంలాగే గ్లైకోజెన్‌గా నిల్వ చేసుకుంటాయి. పరిణామక్రమంలో ఇవి మొక్కల కంటే జంతువులకే దగ్గరి బంధువులు. శిలీంధ్రాన్ని చంపుతూ మన కణాలకు హాని చేయని మందు దొరకడం కష్టం కావడానికి ఈ దగ్గరితనం ఒక ముఖ్య కారణం.

అపోహ: పుట్టగొడుగు రాత్రికి రాత్రే పుడుతుంది.

వాస్తవం: అప్పటికే గుండుసూది తలంత మొగ్గగా తయారై ఉన్నది వాన పడ్డాక నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, అంతే. సిద్ధబీజాలను వెదజల్లే ఆ భాగం చెట్టుకు కాయ లాంటిది. అసలు జీవి నేలలోనో చెక్కలోనో అల్లుకున్న తంతువుల వల. కుళ్లుతున్న దుంగ మీది బెరడును మెల్లగా లేపి చూడండి: విసనకర్రలా విచ్చుకున్న తెల్లని పొర కనిపిస్తుంది. దాని కింద చెక్క పాలిపోయి, వేళ్లతో నొక్కితే మెత్తగా పీచులుపీచులుగా ఊడివస్తే, చెక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను కూడా శిలీంధ్రం విడగొట్టిందని అర్థం. గోధుమరంగులో ఘనాలుగా పగిలి ఉంటే, సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను చాలావరకు వదిలేసిందని అర్థం. మనం తిన్నాక అరిగించుకుంటాం, శిలీంధ్రం మాత్రం ఎంజైములను బయటికి వదిలి, ముందు అరిగించుకుని ఆ తరువాత పీల్చుకుంటుంది. తిండి ఉన్నంత మేరా ఆ వల సాగుతూనే ఉంటుంది. అమెరికాలోని ఆరెగన్ అడవుల్లో ఒకే ఒక ఆర్మిల్లేరియా శిలీంధ్రం 9 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది.

అపోహ: శిలీంధ్రమంటే రోగం, కుళ్లు.

వాస్తవం: గోధుమకు తుప్పు తెగులు తెచ్చేవీ, కప్పల జాతులను తుడిచిపెడుతున్నవీ శిలీంధ్రాలే, దాన్ని కాదనలేం. అయితే వీటిలో అధిక శాతం మన శరీర ఉష్ణోగ్రత వద్ద పెరగనే లేవు. కుళ్లు విషయానికొస్తే, ఆ పని ఆగిపోతే రాలిన ఆకులూ కూలిన మానులూ అడవిలో పేరుకుపోయి, వాటిలోని పోషకాలు తిరిగి నేలకు చేరవు. మరోవైపు, నేల మీది మొక్కల్లో అత్యధిక జాతుల వేర్లు శిలీంధ్రాలతో కలిసి జీవిస్తాయి. వేరు చేరలేని సన్నని సందుల్లోకి దూరి తంతువులు ఫాస్ఫరస్‌ను, నీటిని తెస్తే, మొక్క బదులుగా తాను తయారుచేసుకున్న చక్కెరలను ఇస్తుంది. ఈ బంధానికి జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్ 1885లో మైకోరైజా అని పేరు పెట్టాడు. స్కాట్లండ్‌లోని రైనీ వద్ద దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనూ ఇలాంటి తంతువులు ఉన్నాయి. నా దృష్టిలో శిలీంధ్రశాస్త్రం మొత్తంలో ఇంతకన్నా గొప్ప విషయం లేదు.

అపోహ: ఉడికిస్తే విషం పోతుంది, పురుగు తిన్న పుట్టగొడుగు మనకూ సురక్షితమే.

వాస్తవం: ఈ రెండు మాటలూ ప్రాణాలు తీస్తాయి. అమానిటా ఫాలాయిడిస్ అనే పుట్టగొడుగులోని అమాటాక్సిన్లనే విషాలు ఉడికించినా, ఎండబెట్టినా నశించవు, దాన్ని తిన్న నత్తలకు ఏమీ కాదు. మనిషికి మాత్రం సాధారణంగా 6 గంటలు దాటాక వాంతులు, విరేచనాలు మొదలై, ఆ తరువాత తగ్గినట్టే అనిపిస్తుంది. అదే సమయంలో లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అడవి పుట్టగొడుగు తిన్నాక అనుమానం కలిగితే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మిగిలిన ముక్కను కాగితంలో చుట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.