గోంగూరలో ఆ సున్న ఎక్కడిది?

గుంటూరు బ్రాడీపేటలో కొత్తగా తెరిచిన ఒక పచ్చళ్ల కొట్టు బోర్డు మీద ‘గోగుకూర నిల్వ పచ్చడి’ అని రాయించడంతో పాత తగాదా మళ్లీ లేచింది. అది తప్పు, గోంగూర అని రాయాలి అని కొందరు కొట్టుకే వెళ్లి చెప్పారు. అసలు మాట గోగుకూరే, మనమే దాన్ని పాడు చేసుకున్నాం అని ఇంకొందరు ఎదురు తిరిగారు. మధ్యలో మూడో వర్గం వచ్చి, గోగు అనే మాటలో సున్న లేదు కాబట్టి ‘గోగూర’ అని రాస్తే సరిపోతుందంది. రెండు రోజుల్లో సంగతి సీసాల మీద లేబుళ్ల దాకా, పిల్లల డిక్టేషన్‌లో పోయిన మార్కుల దాకా వెళ్లింది.

గోంగూరకీ గుంటూరుకీ ఉన్న బంధం, పండుమిరపకాయలు కలిపి నూరే పద్ధతి, ఆంధ్రమాత అన్న పేరు, ఇవి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తగాదా అంతా ఒక సున్న గురించి. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతా చిక్కుముడి దానంతటదే వీడుతుంది.

ఇంట్లో గోంగూర కట్ట విప్పి ఆకు దూసేటప్పుడు ఒకసారి కాడను గమనించండి. లేత కాడ పుటుక్కున విరుగుతుంది. ముదురు కాడ విరగదు. వంచితే చెక్క రెండు ముక్కలవుతుంది గానీ పై తోలు తెగదు. ఆ తోలును పట్టి లాగితే కింది దాకా పొడుగ్గా ఊడి వస్తుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి మెలిపెడితే దారంలా బిగుసుకుంటుంది. చేతికి పులుపు వాసన వస్తుంటుంది, మెలిపెట్టింది మాత్రం తాడే. అదే గోగునార. మొక్క పేరు గోగు, నార గోగునార, ఆకు గోంగూర.

శాస్త్రజ్ఞులు గోగును హైబిస్కస్ కన్నాబినస్ అంటారు. మనం ఎర్ర గోంగూర అనేది చాలాసార్లు దాని తోబుట్టువు, హైబిస్కస్ సబ్డారిఫా. మందారం వీటికి దగ్గర చుట్టం. బెండ, పత్తి కూడా ఈ కుటుంబానివే. నార వ్యాపారంలో ఈ రెండు రకాలనూ కలిపి మెస్తా అంటారు.

ఒకప్పుడు పశువుల పలుపులకీ, మోకులకీ, మంచం నులకకీ గోగునార వాడేవారు. కోసిన గోగును కట్టలు కట్టి చెరువులోనో కుంటలోనో నానేసి, తోలు మెత్తబడ్డాక నార తీసేవారు. మిగిలిన పుల్లలు పొయ్యిలోకి పనికొచ్చేవి. అలాంటి ఇంట్లో గోగుకీ గోంగూరకీ సంబంధం ఏమిటని ఎవరూ అడగరు. 1947లో దేశ విభజన జరిగినప్పుడు జనపనార పండే నేలల్లో పెద్ద భాగం తూర్పు పాకిస్తాన్‌కి పోయి, మిల్లులు ఇటు మిగిలిపోయాయి. ఆ లోటు పూడ్చడానికి మెస్తా సాగు పెంచారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నెల్లిమర్ల, చిట్టివలస లాంటి చోట్ల నార మిల్లులు నడిచిన రోజుల్లో అక్కడి రైతుకి గోగు అంటే పంట. మన వైపు ప్లాస్టిక్ తాళ్లు వచ్చాక ఆ మాట వాడే పనే తగ్గిపోయింది. గుంటూరు, విజయవాడల్లో పెరిగే పిల్లలకి గోంగూర తెలుసు, గోగు తెలియదు. తగాదాకి సగం కారణం ఇదే.

రెండో సగం రాతలో ఉంది. నా దృష్టిలో అసలు మలుపు అక్కడే వచ్చింది.

పాత రాతలో ఈ మొక్క పేరును ‘గోఁగు’ అని రాసేవారు. గో పక్కన ఉన్నది అరసున్న. నిండుసున్నలా గట్టిగా పలకదు, ముక్కులోంచి కొద్దిగా వినిపించీ వినిపించనట్టు ఉంటుంది. వాఁడు, మూఁడు, ఏఁడు అన్నీ ఒకప్పుడు అలా రాసినవే. ఈ అరసున్నలు పండితులు కల్పించినవని చాలామంది అనుకుంటారు. కాదు. తమిళంలో మూడును మూన్ఱు అంటారు, సంవత్సరాన్ని ఆండు అంటారు. అక్కడ నిండుగా వినిపిస్తున్న ముక్కు ధ్వనే మన వైపు దీర్ఘం తర్వాత మెల్లగా సన్నబడి అరసున్నగా మిగిలింది. ఆ తర్వాత నోటిలోంచి కూడా పోయింది. నోట్లో పోయాక చాలాకాలం పుస్తకంలో నిలిచింది.

పుస్తకంలో అది ఉండాలా వద్దా అన్నదాని మీద పెద్దలు ఎప్పుడూ ఒక మాట మీద లేరు. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు అరసున్నను పట్టించుకోలేదు. జనం పలకనిది ఎందుకు రాయాలన్నది ఆయన పద్ధతి. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరంలో దాన్ని జాగ్రత్తగా నిలబెట్టారు. 1910 దశకంలో గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం గట్టిగా నిలిచినప్పుడు అరసున్న, బండి ఱ రెండూ దెబ్బతిన్నాయి. ఎక్కడ అరసున్న వస్తుందో పిల్లలు పట్టికలు బట్టీపట్టి పరీక్ష రాయాల్సిన రోజులవి. నోట పలకని గుర్తు కోసం పిల్లవాడు తప్పాడనిపించుకోవడం అన్యాయం అన్న గిడుగు వారి పక్షమే న్యాయమని నేనూ నమ్ముతాను. అవతలి పక్షాన 1911లో ఏర్పడ్డ ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు ఉన్నారు. వాళ్లు సంకల్పించిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చేసరికి బయట గాలి మారిపోయింది. ఆ తర్వాత పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ఒక్కొక్కటిగా అరసున్నను వదిలేశాయి.

వదిలేయడం వల్ల మేలే జరిగింది. కానీ కొన్ని మాటల చుట్టరికం కంటికి కనబడకుండా పోయింది. అందులో మన మాట ఒకటి. గోఁగులో అరసున్న తీసేస్తే ‘గోగు’ మిగిలింది. గోంగూరలో మాత్రం ఆ సున్న నోట నిండుగా పలుకుతోంది కాబట్టి తీసేయడం కుదరలేదు. కాడ పేరులో పోయిన సున్న ఆకు పేరులో మిగిలింది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఇప్పుడు వేర్వేరు మాటల్లా కనిపిస్తాయి. అరసున్న ఉన్న రోజుల్లో గోఁగు, గోంగూర అని చూసిన వాడికి ఈ సందేహమే వచ్చి ఉండదు.

ఒకే మాటకి ఒకచోట సున్న పోయి ఇంకోచోట మిగలడం వింతేమీ కాదు. వాడు అంటాం, నెల్లూరు, రాయలసీమ వైపు వాండ్లు అంటారు. ఏడు గడిచిందంటాం, నూరేండ్లు అంటాం. వేటగాడు, వేటగాండ్లు. ఒక్కడిలో లేని సున్న నలుగురు కలిస్తే వస్తోంది. అది కొత్తగా వచ్చింది కాదు, మొదటి నుంచీ ఉన్నదే.

మరి కూర గూర ఎలా అయింది? తోటకూర, పాలకూర, చుక్కకూర, మెంతికూర, బచ్చలికూర, పొన్నగంటికూర, అన్నిటిలో ‘క’ అలాగే ఉంది. గోంగూరలో ముందున్న ముక్కు ధ్వని, పక్కనే ఉన్న గు కలిసి ‘క’ను మెత్తబరిచి ‘గ’ చేశాయి. అప్పుడు గోంగుగూర అని వరుసగా రెండు గకారాలు పడ్డాయి. నాలుక అలాంటి చోట ఒకదాన్ని దాటేస్తుంది. గు జారిపోయి గోంగూర నిలిచింది.

ఇది మాటను పాడు చేయడం అనే వాళ్లకి నాదొక ప్రశ్న. వంకాయను ఏమంటారు? మొక్క వంగ. తోట వంగతోట. నారు వంగనారు. కాయ మాత్రం వంగకాయ కాదు, వంకాయ. అక్కడా మధ్యలో గకారం జారిపోయింది, సున్న నిలిచింది. వంకాయ తప్పు, వంగకాయ అని దిద్దండి అని బోర్డు రాసే పెయింటర్‌కి ఇప్పటిదాకా ఎవరూ చెప్పినట్టు వినలేదు. వంకాయకి ఇచ్చిన గౌరవం గోంగూరకి ఎందుకివ్వరు?

సున్న వద్దనే వాళ్ల చేతిలో ఒక సూత్రం ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ‘దీర్ఘంబు మీఁద సాధ్య పూర్ణంబు లేదు’ అని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. గో దీర్ఘం, దాని మీద నిండుసున్న ఎలా వస్తుందని వీళ్ల వాదన. కానీ ఆ సూత్రంలో బరువంతా ‘సాధ్య’ అన్న మాట మీదే ఉంది. సంధి లాంటి వ్యాకరణ పని జరిగి కొత్తగా పుట్టిన సున్న సాధ్యం. పూచెను, కలువలు కలిసి పూచెంగలువలు అయినప్పుడు వచ్చింది అలాంటిది. మాటతో పాటు పుట్టింది సిద్ధం. గోఁగులో ఉన్నది సిద్ధమే, అది ఏ సంధిలోనూ రాలేదు. సాధ్యం గురించి చెప్పిన సూత్రంతో దాన్ని కొట్టేయలేం.

‘గోగూర’ వర్గం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రెండు మాటలకీ మధ్య ఒక సర్దుబాటు అది. కొందరు వేగంగా మాట్లాడేటప్పుడు అలా వినిపించవచ్చు. రాతలో మాత్రం అది ఉన్న గుర్తును కూడా చెరిపేస్తుంది. ఇక గోవు తినే కూర కాబట్టి గోకూర, అదే గోంగూర అయిందని చెప్పే కథ ఒకటుంది. వినడానికి బాగుంటుంది. అప్పుడు గోగునార గోవు నార కావాలి కదా. పైగా ఆ దారిలో సున్న వచ్చే చోటే లేదు.

ఇంకో చిక్కు ఇంగ్లిష్ లేబుళ్ల మీద ఉంది. చాలా సీసాల మీద సారెల్ అని వేస్తున్నారు. యూరప్‌లో సారెల్ అంటే రూమెక్స్ జాతి పుల్లటి ఆకు, మన చుక్కకూర ఆ జాతిదే. కరీబియన్ దీవుల్లో మాత్రం ఎర్ర గోంగూర మొక్కనే సారెల్ అంటారు. కొనేవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియనప్పుడు గోంగూర అన్న మన పేరే ఇంగ్లిష్ అక్షరాల్లో వేయడం మేలు. తెలంగాణలో దీన్నే పుంటికూర అంటారు, ఉత్తర కర్ణాటకలో పుండి. తమిళులు పుళిచ్చ కీరై అంటే పుల్లని ఆకుకూర అని రుచిని బట్టి పిలిచారు. మరాఠీలో అంబాడి. మన వైపు మాత్రం రుచిని వదిలి నార పేరు పెట్టుకున్నారు. అంటే ఈ మొక్క మన పూర్వీకుల ఇంట్లోకి కూరగా వచ్చేటప్పటికే తాడుగా తెలిసి ఉంటుందని నాకనిపిస్తుంది.

నిన్న సాయంత్రం బ్రాడీపేట కొట్టుకి వెళ్లాను. యజమానికి యాభై దాటి ఉంటాయి. నాలుగు రోజులుగా వచ్చిపోయే వాళ్లకి సమాధానం చెప్పి అలిసిపోయి ఉన్నాడు. ‘‘మా నాన్నగారు తెలుగు మాష్టారండీ. సరుకుల చీటీలో కూడా గోగుకూర అనే రాసేవారు. ఆయన చేతి రాత చూసే బోర్డు రాయించాను’’ అన్నాడు. ఆ చీటీ చూపించాడు. పాత నోటుపుస్తకం కాగితం, మడతల దగ్గర చిరిగింది. కందిపప్పు, చింతపండు, కింద గోగుకూర. మాట పుట్టుక తెలిసిన మనిషి రాసిన చీటీ అది, అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆయన మొక్కను గుర్తుపెట్టుకుని రాశారు, జనం నోటిని బట్టి పలుకుతున్నారు.

వంగ, వంకాయ సంగతి చెబితే యజమాని కాసేపు ఆలోచించాడు. ఇంట్లో వాళ్లు ఏమని పిలుస్తారని అడిగితే, ‘‘అమ్మ గోంగూర అనే అంటుందండీ’’ అన్నాడు. బోర్డు నాన్న గుర్తుగా అలాగే ఉంచుకుంటానన్నాడు. లేబుళ్లు ముందే అచ్చు వేయించాడు, అవి అయిపోయేదాకా వాడక తప్పదు. మళ్లీ వేయించేటప్పుడు సున్న పెట్టిస్తానని చెప్పి, ఒక సీసా చేతిలో పెట్టాడు.